తేనెటీగ కుట్టినచోట అరటిపండు వాసన

అడిగిన ప్రశ్న: "చీమలు, తేనెటీగలు వాసనతో మాట్లాడుకుంటాయంటారు. నిజమేనా? మీలో ఎవరైనా కళ్లారా చూశారా? వేరే జంతువులకు, మనుషులకు కూడా అలాంటిది ఉందా?"

కళ్లారా సంగతేమోగానీ, ముక్కారా అనుభవించాను. ఓయూలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు హబ్సిగూడలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఫెరొమోన్ (ఒక జీవి తన జాతివాటికి కబురుగా వదిలే వాసన పదార్థం) అన్న మాట అప్పట్లో పరీక్ష కోసం బట్టీపట్టిందే. అదేంటో నిజంగా తెలిసింది మాత్రం మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద.

మా బిల్డింగ్‌లో ఐదో అంతస్తు సన్‌షేడ్ కింద ఒక పెద్ద తేనెపట్టు ఉంది. చిన్న తేనె కాదు, ఇవి పెద్దవి, కొండ తేనెటీగలంటారు. చెట్టు తొర్రలోనో గోడ సందులోనో దాక్కోవు, ఆరుబయట ఒకే ఒక్క పట్టు పెట్టి దాని మీద తెరలాగా వేలాడతాయి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల కింద, వాటర్ ట్యాంకులకు, పెద్ద బిల్డింగుల అంచులకు కనిపించేవి ఇవే. ఒకరోజు పొద్దున ట్యాంకు వాల్వు తిప్పడానికి పైకెళ్లాను. ఒక ఈగ వచ్చి మణికట్టు మీద వాలింది. ఊదేస్తే పోయేదేమో. నేను చటుక్కున కొట్టాను.

కుట్టేసింది. ముల్లు చర్మంలోనే దిగిపోయింది, దాని వెనక విషపు సంచి ఇంకా ఊపిరి తీస్తున్నట్టు కొట్టుకుంటోంది. ఏంటో చూద్దామని చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. మాగిన చక్కెరకేళి వాసన గుప్పుమంది. ఇదెక్కడి వాసనరా అనుకునేలోపు రెండోది వచ్చి మొదటిదానికి వేలెడు దూరంలో కుట్టింది. మూడోదీ అక్కడే. మెట్లు దిగి తలుపు వేసుకునేసరికి ఏడు. ఏడూ ఆ చేతి మీదే, మొహం మీద ఒక్కటీ లేదు.

ఆ అరటిపండు వాసన పేరు ఐసోపెంటైల్ ఎసిటేట్. డిగ్రీ ల్యాబ్‌లో ఎస్టర్ (పండ్ల వాసన వచ్చే రసాయనం) చేసినవాళ్లకు గుర్తుంటుంది, పరీక్షనాళిక వేడిచేయగానే గది మొత్తం అరటిపండే. తేనెటీగ ముల్లు దగ్గరి గ్రంథుల్లోంచి వచ్చేదీ ఈ పదార్థమేనని 1962లో తేల్చారు. ముల్లుకు కొక్కేలు ఉంటాయి కాబట్టి అది మనలోనే ఉండిపోతుంది, ఈగ చచ్చిపోతుంది, కానీ ముల్లు మాత్రం "శత్రువు ఇక్కడున్నాడు, ఇక్కడే కుట్టండి" అని వాసన వెదజల్లుతూనే ఉంటుంది. నేను చెయ్యి విదిలిస్తూ పరిగెత్తానంటే జెండా ఊపుతూ పరిగెత్తినట్టే. తేనెటీగలు పెంచేవాళ్లు పెట్టెల దగ్గరికి అరటిపండు తిని పోవద్దనేది ఇందుకే.

పెద్ద తేనెటీగల్లో ఇంకో మెలిక ఉంది. ఐసోపెంటైల్ ఎసిటేట్ చాలా తేలిక, గాలి తగిలితే ఇట్టే ఎగిరిపోతుంది. వీటి ముల్లు దగ్గర దాంతోపాటు డెసెనైల్ ఎసిటేట్ అనే కాస్త బరువైన పదార్థం కూడా ఉంటుంది. అది త్వరగా పోదు. మామూలు తేనెటీగ కోపం నిమిషాల్లో చల్లారితే ఇవి మాత్రం చాలాసేపు వెంటపడటానికి ఇదొక కారణం. (కుడితే వెంటనే గోటితోనో దేనితోనో ముల్లు గీకి పారేసి, సబ్బుతో కడుక్కుని, లోపలికి వెళ్లి తలుపేసుకోండి. చాలా కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, మొహం ఉబ్బినా హాస్పిటల్‌కి పరిగెత్తాలి. సున్నం, పసుపు తర్వాత చూసుకోవచ్చు.)

ఆ రోజు వాచిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నప్పుడు ఒక విషయం తట్టింది. అప్పటినుంచి పిల్లలకు ఈ పాఠం అక్కడినుంచే మొదలుపెడుతున్నాను. వాసన ఏంటన్నది ఒక ఎత్తయితే, అది ఎంతసేపు నిలుస్తుందన్నది ఇంకో ఎత్తు. నోటి మాట అన్న మరుక్షణం పోతుంది. వాసన అలా కాదు, ఉండాల్సినంతసేపు ఉంటుంది. ఆపద కబురు త్వరగా ఆరిపోవాలి, లేకపోతే తేనెపట్టు రోజంతా యుద్ధంలోనే ఉంటుంది. హద్దు గుర్తు మాత్రం వానకు కూడా పోకూడదు. ఏ కబురుకు ఎంత బరువు పదార్థం అన్న లెక్క ఈ జీవుల దగ్గర పక్కాగా ఉంది.

మీరు స్వయంగా చూడాలంటే తేనెటీగల జోలికి పోకండి, వంటింట్లో చీమలబారు చాలు.

మా వంటింటి గట్టు మీద చక్కెర డబ్బా నుంచి సింకు పక్క పగులు దాకా బారు కడతాయి. తడి చేయని వేలితో ఆ బారుకు అడ్డంగా ఒక్క గీత గీసి చూడండి. చీమలను తాకక్కర్లేదు, అవి నడిచే బండను రుద్దితే చాలు. మొదట వచ్చిన చీమ గీత దగ్గర టక్కున ఆగుతుంది. మీసాలు కిందికి వంచి బండను తడుముతుంది, వెనక్కి రెండడుగులు, పక్కకు నాలుగు. దాని వెనక వచ్చింది దాన్ని గుద్దుకుంటుంది. గీతకు రెండువైపులా చిన్నపాటి ట్రాఫిక్ జామ్. తర్వాత ఒకటేదో తెగించి దాటుతుంది, అవతల పాత దారి దొరుకుతుంది, కాసేపటికి బారు మళ్లీ కలిసిపోతుంది. 18వ శతాబ్దంలోనే స్విట్జర్లాండ్‌లో చార్లెస్ బొనే అనే ఆయన సరిగ్గా ఇదే పని వేలితో చేశాడు. రూపాయి ఖర్చు లేని ప్రయోగం.

ఇంకొంచెం ఓపిక ఉంటే బారు దారిలో చిన్న కాగితం ముక్క పెట్టండి. చీమలు కాగితం మీదుగా దారి వేసుకునేదాకా ఆగండి, మా ఇంట్లో అరగంట పట్టింది. అప్పుడు కాగితాన్ని మెల్లగా అడ్డం తిప్పండి. కొన్ని చీమలు తిరిగిన దారినే పట్టుకుని కాగితం అంచుదాకా పోయి, అక్కడ రోడ్డు అయిపోయిందేంట్రా అన్నట్టు నిలబడతాయి. ఇది చూసి మా ట్యూషన్ పిల్లాడొకడు "సార్, గూగుల్ మ్యాప్స్ నమ్ముకుని చెరువులోకి పోయినట్టుంది" అన్నాడు.

అక్కడ ఉన్నది పొట్ట చివర నేలకు ఆనించి వదిలిన కొన్ని బొట్ల రసాయనం. తిండి దొరికిన చీమ ఇంటికి పోతూ గీత గీస్తుంది, తిండి దొరకనిది గీయదు. ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రవేత్త నిప్పుచీమల మీద చూస్తే ఒక్క చీమ గీసిన గీత రెండు నిమిషాల్లోపే ఆరిపోయింది. ఆరిపోవడమే దాని గొప్ప. చక్కెర ఉన్నంతసేపు వచ్చినవన్నీ గీస్తాయి కాబట్టి దారి నిలుస్తుంది. చక్కెర అయిపోయిందా, గీసేవాళ్లు ఉండరు, దారి దానంతటదే చెరిగిపోతుంది. "అయిపోయింది, రావద్దు" అని ఎవరూ చాటింపు వేయక్కర్లేదు. దగ్గరి దారిలో చీమ త్వరగా వెళ్లి త్వరగా వస్తుంది, అంటే గీత ఎక్కువసార్లు పడుతుంది, అందుకే నాలుగు దారుల్లో దగ్గరిదే గెలుస్తుంది. మార్కో డొరిగో అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1992లో తన పీహెచ్‌డీలో ఇదే సూత్రాన్ని కంప్యూటర్ లెక్కలకు ఎత్తుకున్నాడు. హైటెక్ సిటీలో కూర్చుని డెలివరీ బండ్లకు రూట్లు వేసేవాళ్లలో కొందరైనా చీమలకు బాకీ ఉన్నారన్నమాట.

అన్ని చీమలూ ఒకటే కాదు. ఇళ్లలో తిరిగే పసుపురంగు సన్న చీమ ఉంటుంది, ఫరో చీమ అంటారు. పనికిరాని దారి మొదట్లో అది "ఇటు ప్రవేశం లేదు" అని వేరే వాసన పెడుతుందని 2005లో బయటపడింది. ఇక అమెరికా ఖండాల్లో ఆకులు కోసుకెళ్లే చీమలైతే, వాటి దారి పదార్థం మిల్లీగ్రాములో మూడో వంతు ఉంటే భూమి చుట్టూ బాట వేయొచ్చని 1971లో లెక్కగట్టారు.

మా అమ్మ చీమలకు పసుపు గీత గీస్తుంది. పని చేస్తుందా అంటే, కాసేపు చేస్తుంది, బాట తెగుతుంది కాబట్టి. చీమల సుద్దముక్క వేరే సంగతి, అందులో పురుగుమందే ఉంటుంది, పిల్లలుంటే జాగ్రత్త. నా మటుకు నేను సబ్బునీళ్ల గుడ్డతో బండ తుడిచి, సింకు పక్క పగులు తెల్ల సిమెంటుతో మూశాను. గుడ్డతో చీమలను మాత్రమే తుడిచి బాటను వదిలేస్తే పది నిమిషాల్లో కొత్త బ్యాచ్ దిగుతుంది.

చీమల గురించి ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. చచ్చిన చీమను మిగతావి వెంటనే పట్టించుకోవు, దాటుకుంటూ పోతాయి. రోజో రెండు రోజులో గడిచాక శవం నుంచి ఓలీక్ ఆమ్లం బయటికొస్తుంది, అప్పుడు ఎత్తుకెళ్లి చెత్తకుప్పలో పడేస్తాయి. 1958లో విల్సన్ బృందం ఒక చుక్క ఓలీక్ ఆమ్లాన్ని బతికున్న చీమకు పూసింది. తోటి చీమలు దాన్ని, కాళ్లు కొట్టుకుంటున్నా సరే, మోసుకెళ్లి శ్మశానంలో పారేశాయి. అది లేచి వచ్చింది. మళ్లీ మోసుకెళ్లాయి. ఒళ్లంతా శుభ్రం చేసుకున్నాకే ఊళ్లోకి రానిచ్చాయి. ఆధార్‌లో చనిపోయినట్టు పడితే మనం ఆఫీసుల చుట్టూ తిరిగినట్టే.

ఇక మా బావ సంగతి. జనగామ వైపు పత్తి వేస్తాడు. గులాబీరంగు పురుగు కాయలోపలికి పోయాక ఏ మందు కొట్టినా దానికి తగలదు. బీటీ విత్తనం (పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండేలా తయారుచేసింది) ఆపుతుందనుకున్నారు, కొన్నేళ్లకు పురుగు దాన్నీ తట్టుకుంది. వ్యవసాయ అధికారులు లింగాకర్షక బుట్టలు పెట్టమన్నారు. బుట్టంటే గరాటు లాంటి మూత, కింద పాలిథిన్ సంచి, మూత కింద ఒక చిన్న రబ్బరు ఎర. ఆ రబ్బరులో ఆడపురుగు వాసన ఉంటుంది. రాత్రి రెక్కలొచ్చిన మగ పురుగులు ఆడదనుకుని వచ్చి సంచిలో పడతాయి.

బావ మొదటిసారి నాకు ఫోన్ చేసి, "ఏం బామ్మర్దీ, పక్క చేన్ల పురుగుల్ని మనమే పిల్చి కూసోబెడుతున్నమా ఏంది?" అన్నాడు. మంచి అనుమానమే. చెప్పాను: వచ్చేది మగవి మాత్రమే, గుడ్లు పెట్టేవి ఆడవి. బుట్ట పురుగును అంతం చేయడానికి కన్నా లెక్కపెట్టడానికి ఎక్కువ పనికొస్తుంది. వరుసగా 3 రోజులు బుట్టకు రోజుకు 8 చొప్పున పడ్డాయంటే మందు కొట్టే వేళయిందని గుర్తు. అంతకు తక్కువైతే డబ్బులు మిగిలినట్టే.

ఆ ఏడాది బావ బుట్టల్లో రోజుకు ఒకటి, రెండు, కొన్నిరోజులు సున్నా. సంతోషపడ్డాడు. దసరాకు నేను వెళ్లినప్పుడు ఒక కాయ చీల్చి చూస్తే గులాబీరంగు పురుగు, పక్క కాయలోనూ అదే. బుట్ట తప్పా, పురుగు తెలివా అని ఇద్దరం తలపట్టుకున్నాం. మిగిలిన ఎరలు ఎక్కడున్నాయి బావా అంటే, రేకుల షెడ్డులో దూలం మీద నుంచి కవరు తీశాడు. జూన్‌లో కొన్నవి. కవరు నోరు తెరిచే ఉంది. ఆ షెడ్డులో మధ్యాహ్నం నిలబడితే మనమే ఆవిరైపోతాం, వాసన ఉంటుందా? పైగా బుట్టల్లోవి ఒక్కసారీ మార్చలేదు, నెల తిరక్కముందే మార్చాలి. మా అక్క వెనకనుంచి, "అంగట్ల కొన్న అగరుబత్తి గూడ గంటనే వస్తది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఇప్పుడు ఎరలు ఇంటి ఫ్రిజ్‌లో, మూత బిగించిన డబ్బాలో, కరివేపాకు పక్కన ఉంటున్నాయి. అన్ని పురుగుల ఎరలనూ ఒకే డబ్బాలో కలపకూడదు, ఒక ఎర ముట్టిన చేత్తో ఇంకోటి ముట్టకూడదు. గులాబీ పురుగుకు ఒకటి, శనగపచ్చ పురుగుకు వేరొకటి, పొగాకు లద్దె పురుగుకు ఇంకొకటి.

ఎందుకంత పట్టింపు అంటే, ఈ కబుర్లలో పాళ్లు ముఖ్యం. గులాబీ పురుగు ఆడది వదిలేది రెండు పదార్థాల మిశ్రమం, దాదాపు సగం సగం. రెండింటి అణువుల్లోనూ అవే పరమాణువులు, ఒకచోట మడత మాత్రం వేరు. దీన్ని 1973లో కనుక్కున్నారు, గాసిప్లూర్ అని పేరు. పత్తి శాస్త్రీయ నామం గాసిపియం కదా, అందులోంచి. అసలు ఇలాంటి పదార్థాన్ని మొట్టమొదట విడదీసింది పట్టుపురుగులో. జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ దాదాపు ఇరవై ఏళ్లు కష్టపడి, సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథులు కోసి, 1959లో బాంబికోల్‌ను బయటపెట్టాడు. ఫెరొమోన్ అన్న పేరు పుట్టింది కూడా ఆ ఏడాదే. ఇప్పుడు అలాంటి అణువులను ల్యాబ్‌లోనే కడుతున్నారు. మా ఇంటికి నాలుగు అడుగుల దూరంలో, తార్నాకలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో కూడా పురుగుల ఫెరొమోన్ల మీద పని జరుగుతుంది. రోజూ ఆ గోడ పక్కనుంచే బస్సెక్కే బావ కూతురికి ఈ ముక్క చెబితే, "మామయ్యా, మా నాన్న డబ్బా అక్కడ పుట్టిందా!" అంది.

మీ ఇంట్లో తులసికోట ఉంటే మామిడికాయల కాలంలో ఒకసారి దగ్గరగా చూడండి. కందిరీగలా నడుము సన్నగా, రెక్కలు విప్పార్చుకుని చిన్న గోధుమరంగు ఈగలు ఆకుల మీద కూర్చుని ఉంటాయి. తులసి భక్తి అనుకోకండి, అవి మామిడిని కుళ్లబెట్టే పండు ఈగలు, అన్నీ మగవే. తులసిలో మిథైల్ యూజినాల్ ఉంటుంది, దాన్ని తిని తమ వాసనకు మెరుగులు దిద్దుకుంటాయి. మామిడి తోటల్లో కట్టే పండు ఈగ బుట్టల్లో పెట్టేదీ ఇదే. ఈ వ్యవహారం బయటపడింది మన దేశంలోనే. బిహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, సిట్రొనెల్లా నూనెకు ఈ ఈగలు ఎగబడుతున్నాయని 1912లో రాశాడు. ఎవరో పొరుగాయన దోమలు రాకుండా రుమాలుకు ఆ నూనె రాసుకుంటే, దోమల మాటేమోగానీ ఈగలు చుట్టుముట్టాయట.

పెద్ద జంతువుల్లో రెండు మాటలు. ఎదకొచ్చిన ఆడ ఆసియా ఏనుగు మూత్రంలో ఉండే కబురు పదార్థం, వందకు పైగా జాతుల రెక్కల పురుగులు వాడే పదార్థాల్లో ఒకటి, రెండూ ఒకటేనని 1996లో తేలింది. అయినా మగ పురుగు ఏనుగు వెంట పడదు. పైన చెప్పిన పాళ్లే కారణం, ఒక్క అక్షరం కలిసినంత మాత్రాన మాట కలవదు కదా. పులి హద్దు గుర్తుగా చెట్లకు చిమ్మేదాంట్లో బాస్మతి బియ్యానికి ఆ వాసన తెచ్చే పదార్థమే ఉంటుంది. కోల్‌కతాకు చెందిన బ్రహ్మచారి అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. అందులో కొవ్వు కలిసి ఉంటుంది, వాసనను పట్టి ఉంచేది అదే, కాబట్టి రోజులతరబడి నిలుస్తుంది. ఇది చదివాక నేను బహదూర్‌పురా జూపార్కుకు మూడుసార్లు వెళ్లి పులి దగ్గర ముక్కు ఎగబీల్చాను. ఒక్కసారీ బిర్యానీ తగల్లేదు. మా ఆవిడ నాలుగోసారి రానంది.

మనుషుల సంగతి. ఫలానా పదార్థం మనిషి ఫెరొమోన్ అని ఇంతవరకు ఏదీ రుజువు కాలేదు. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మే స్ప్రేలు కొనకండి. మా స్నేహితుడొకడు కొని పూసుకుని వారం తిరిగాడు, దోమలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. దోమలకు మనం కావాలని పంపే కబురేమీ లేదు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, చెమటలోని ల్యాక్టిక్ ఆమ్లాన్ని అవి చాటుగా చదువుకుంటాయి, అంతే.

తేనెపట్టు ఏమైందని అడుగుతారేమో. నా చెయ్యి చూసి అసోసియేషన్‌వాళ్లు పొగ పెట్టి కాల్చేద్దామన్నారు. ఎండాకాలం దాకా ఆగండి, ఇవి కాలాన్ని బట్టి వలస పోయే రకం అని బతిమాలాను. నిజంగానే ఒకరోజు పొద్దున చూస్తే ఖాళీ మైనపు పట్టు వేలాడుతోంది, ఒక్క ఈగ లేదు. ఈ చలికాలం మళ్లీ వచ్చాయి, అదే ఐదో అంతస్తు, అదే సన్‌షేడ్. వెళ్లిన ఈగలు ఇన్ని నెలలు బతికుండవు, బతికితే రాణి బతకాలి. ఇవి పాత చోటుకే తిరిగొస్తాయని పరిశోధనల్లోనూ చూశారు. వాట్సాప్ గ్రూపులో ట్యాంకు దగ్గరికి ఎవరు ఎప్పుడు వెళ్లాలో టైమ్ టేబుల్ వేశాను. చివరి లైన్: వాలితే ఊదండి, కొట్టకండి. 302 ఆంటీ కింద అడిగింది, "మరి అరటిపండ్లు ఇంట్లో పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చని చెప్పాను, టెర్రస్ మీద తినకపోతే చాలు.